రాయికి గ్రీకు వచ్చు

ఉలక్క పొద్దున్న లేచి చేసే మొదటి పని చీపురు పట్టుకోవడం. పళ్లైనా తోముకోకుండా పెరట్లోకి వెళ్లి, ముందురోజు నిలబెట్టిన సమాధిరాళ్ల కింద ఊడ్చేది. రాలిన అక్షరాలు చేటలోకి ఎత్తి, వంటింటి గట్టు మీదున్న పాత బిస్కెట్ డబ్బాలో పోసేది. సీసం అక్షరాలు కదా, కరిగిస్తే మళ్లీ పనికొస్తాయి.

రాతిలో ఉలితో గాడి తీసి, ఆ గాడిలో సీసం కొట్టి, నున్నగా అరగదీయడం వాళ్ల నాన్న నేర్పిన పని. ఆ ఇంటి చేత్తో చెక్కిన మాట నిజమైతే నిలిచేది. అబద్ధమైతే తెల్లారేసరికి రాలిపోయేది. గాడి కూడా పూడుకుపోయి, అక్కడ ఎన్నడూ ఏమీ లేనట్టు రాయి నున్నగా తయారయ్యేది. అందుకే చెక్కిన ప్రతి రాయినీ ఒక రాత్రి ఆరుబయట నిలబెట్టి, పొద్దున చూసుకున్నాకే ఇవ్వడం వాళ్ల పద్ధతి. ఊళ్లో ఎవరికీ ఇది వింత కాదు. వానకి బట్టలు తడిస్తే ఎవరైనా ముక్కు మీద వేలేసుకుంటారా? ఇదీ అంతే.

కాకపోతే బేరాలు మాత్రం ఒక పట్టాన తెగేవి కావు. ఒకావిడ మొగుడి రాయి మీద "ప్రేమగల భర్త" అని చెక్కించింది. తెల్లారేసరికి "ప్రేమగల" నేల మీద, "భర్త" రాయి మీద. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "ఆ పనికిమాలినోడి సంగతి నాకు తెలీదా? ఏదో ఆశ కొద్దీ అడిగాను" అని రాయి బండికెత్తించుకు పోయింది. ఒక వడ్రంగి తల్లి రాయి మీద "ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు" అని రాయించబోతే, పక్కనే ఉన్న వాళ్ల చెల్లెలు కడుపు పట్టుకుని నవ్వింది. చివరికి "రొట్టెలు బాగా చేసేది" అని చెక్కించుకున్నారు. అది నిలిచింది.

ఊరందరి రాళ్ల మీదా ఏదో ఒక మాట ఉంది. ఉలక్క తమ్ముడి రాయి మీదే లేదు. శ్మశానం గోడవార, మూడో వరసలో ఉంది అతని రాయి. పేరు తప్ప ఇంకేమీ లేదు. తొమ్మిదేళ్లుగా అంతే.

తమ్ముడు క్వారీలో గంట కొట్టే మనిషి. మందు పేల్చే ముందు గేటు దగ్గరున్న పెద్ద గంట అతను కొట్టాలి, ఆ చప్పుడుకి గుంతలో ఉన్నవాళ్లు పైకి వచ్చెయ్యాలి. తొమ్మిదేళ్ల కిందట ఒకరోజు గంట ఎవరికీ వినపడలేదు. కొండ పేలింది. కింద ఇద్దరు కూలీలు పోయారు. వాళ్ల పక్కనే తమ్ముడూ పోయాడు. ఆ టైముకి పైన షెడ్డులో ఉన్నది ఫోర్‌మన్ ఒక్కడే. విచారణలో అతను చెప్పింది ఒకటే మాట: "గంట కొట్టలేదండీ. కింద కూర్చుని వాళ్లతో పేకాడుతున్నాడు." అంతే, ఊరు నమ్మేసింది. ఆ ఇద్దరిలో ఒకడి తల్లి తొమ్మిదేళ్లుగా ఉలక్క గుమ్మం ముందునించి పోతూ రోజూ ఉమ్మేసి పోతోంది.

తమ్ముడి భార్య ఉలక్కతోనే ఉంటూ రాళ్లకి మెరుగు పెడుతుంది. ఏడాదికోసారి, మొగుడు పోయిన రోజున, ఆడపడుచు ఎదురుగా నిలబడి అడిగేది.

"వదినా, ఈ ఏడైనా చెక్కు. గంట కొట్టాడు అని. రెండే మాటలు."

"ఆ రాయి మెత్తది. పగిలిపోతుంది" అనేది ఉలక్క.

రాయి మెత్తదీ కాదు, పాడూ కాదు. ఆ రోజు పొద్దున తమ్ముడు చొక్కా జేబులో పేక కట్ట పెట్టుకోవడం ఉలక్క కళ్లారా చూసింది. ఎవరికీ చెప్పలేదు. చెక్కాక రాలిపోతే? చీపురుతో ఊడవాల్సింది ఎవరు? అందుకని ఉలి ఆ రాయి జోలికి పోలేదు, ఫోర్‌మన్ మీద పగ మాత్రం రోజూ సానబట్టుకుంది. సీసం మీద సుత్తి వేసిన ప్రతిసారీ వాడి నెత్తిని తలుచుకునేది. మంచి ఊపొచ్చేది పనికి.

అలాంటిది ఒకరోజు ఆ ఫోర్‌మనే కర్ర పొడుచుకుంటూ వచ్చి ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. డెబ్బై దాటాయి. ఊపిరి తీస్తే లోపల కంకర దొర్లినట్టు చప్పుడు. జేబు గడియారం మాత్రం చొక్కాకి అలాగే వేలాడుతోంది.

"నా రాయి నేనే దగ్గరుండి చేయించుకుందామని వచ్చానమ్మా. చలికాలం దాటనన్నాడు డాక్టరు."

"ఏం చెక్కమంటారు?" అంది ఉలక్క. చేతిలో సుత్తి ఉందని గుర్తొచ్చి, దూరంగా పెట్టింది.

"పేరు. కింద ఒక్క మాట. గ్రీకులో." చీటీ చాచాడు. "ఆదివారం పాఠంలో గ్రీకు మాస్టారు చెప్పారు. మెటానోయా. మారుమనస్సు అని అర్థం."

ఉలక్క ఆ చీటీ వంకా, అతని మొహం వంకా చూసింది. "మన మాటలో చెక్కిస్తే రాయికి అర్థమైపోతుందని భయమా?"

ఫోర్‌మన్ గడియారం వంక చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. వాడి ఎత్తు అదే అన్నమాట! ఇన్నేళ్లలో ఎన్ని నక్కజిత్తులు చూసింది కానీ, రాయికి చదువు రాదనుకున్న వెర్రివాణ్ని ఇదే చూడటం.

"రేపు రండి" అంది చాలా మర్యాదగా.

ఆ సాయంత్రమే చెప్పుల షాపు మీద గదిలో ఉండే గ్రీకు మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఒకప్పుడు బోధకులు కాబోయే కుర్రాళ్లకి పాఠాలు చెప్పి, ఇప్పుడు రిటైరై, ఆదివారాలు వినేవాళ్లుంటే వాళ్లకి చెబుతున్నాడు. గదిలో కుర్చీ మీద కూడా పుస్తకాలే. వాటిని కింద పెట్టి ఉలక్కని కూర్చోబెట్టాడు.

"మంచి మాట అడిగావు అమ్మాయ్. నది ఒడ్డున ఒంటె వెంట్రుకల బట్ట కట్టుకుని నిలబడ్డ ప్రవక్త ముందుగా అరిచిన మాట అది. ఆయన తర్వాత వచ్చిన ప్రభువూ బోధ మొదలుపెట్టింది ఆ మాటతోనే. మనవాళ్లు దాన్ని పశ్చాత్తాపం అనేశారు. అంటే చేసినదానికి కుమిలిపోవడం. ఈ మాటలో కుమలడం లేదు. 'మెటా' అంటే మారడం, 'నూస్' అంటే మనసు, లోపలి చూపు."

"మరి ఏడిస్తే?"

"ఏడవడానికి వేరే మాట ఉంది. గురువుని పట్టిచ్చినవాడు లేడూ, వాడూ బాధపడ్డాడు. సువార్త రాసినాయన అక్కడ ఈ మాట వెయ్యలేదు, ఆ రెండోది వేశాడు." మాస్టారు కళ్లజోడు తీసి చొక్కా అంచుకి తుడుచుకున్నాడు. "చూపు తిరిగితే కాళ్లూ తిరగాలి. దారి తప్పినవాడు ఉన్నచోటే కూలబడి వారం రోజులు ఏడ్చినా ఊరు చేరడు. లేచి వెనక్కి నడవాలి."

"ఎంత దూరం?"

"ఎంత దూరం వచ్చాడో అంత దూరం."

ఉలక్కకి ప్రాణం లేచొచ్చింది. "అయితే రాలుతుంది" అంది.

"ఏమిటి?"

"ఏం లేదు మాస్టారూ. ఎనిమిది అక్షరాలూ కొంచెం పెద్దవిగా రాసివ్వండి."

తన చేతిలో పడ్డ అక్షరాల్లో అంత శ్రద్ధగా ఆమె ఏవీ చెక్కి ఎరగదు. గాడి లోతుగా తీసింది, సీసం కొత్తది వేసింది. మరి పగ తీర్చుకునేటప్పుడు అక్షరం వంకరపోతే పరువేం కాను? సాయంత్రానికి రాయి పెరట్లో నిలబెట్టి, కావాలని వీధి వైపుకి తిప్పింది.

పొద్దున ఎనిమిదికి, గడియారం చూసుకుంటూ ఫోర్‌మన్ వచ్చాడు. అప్పటికే గోడవతల నలుగురు చేరారు. రాయి మీద పేరుంది. పేరు కింద గాజుపలకలా నున్నగా ఉంది. ఉలక్క బిస్కెట్ డబ్బా తెచ్చి అతని మొహం ముందు గలగలా ఆడించింది.

"ఎనిమిదికి ఎనిమిదీ. రాయికి గ్రీకు వచ్చండీ!"

గోడవతల ఎవరో కిసుక్కున నవ్వారు. ఫోర్‌మన్ కర్ర మీద వాలి, "ఇంకోసారి చెక్కమ్మా" అని మెల్లిగా వెళ్లిపోయాడు.

ఆ వారమంతా ప్రార్థనమందిరంలో మొదటి బల్ల మీద కూర్చుని ఏడ్చాడట. రుమాళ్లు తడిసి ముద్దయ్యాయట. ఆ కబురు విని ఉలక్క రెండోసారి చెక్కింది. మళ్లీ రాలాయి. ఈసారి గోడవతల ఇరవై మంది. పాలవాడు సైకిలు స్టాండు వేసి మరీ నిలబడ్డాడు. "ఏడ్చానమ్మా, నిజంగానే ఏడ్చాను" అన్నాడు ఫోర్‌మన్. "దానికి వేరే మాట ఉందట. అది కావాలంటే చెక్కిస్తా" అంది ఉలక్క. ఆ పూట అన్నం రెండోసారి పెట్టించుకు తింది. తొమ్మిదేళ్లలో అంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

వడ్డిస్తూ మరదలు అడిగింది. "నీకు సంతోషంగా ఉందా వదినా?"

"ఉంది. కడుపు చల్లగా ఉంది. ఎందుకుండకూడదు?"

"ఉండనీ. మరి మా ఆయన రాయి?"

ఉలక్క మజ్జిగ కోసం వెతుక్కున్నట్టు అటూ ఇటూ చూసింది. మజ్జిగ కళ్లముందే ఉంది.

ఆ తర్వాత నాలుగో రోజు మధ్యాహ్నం, మరదలు నీళ్లకి వెళ్లినప్పుడు ఫోర్‌మన్ మళ్లీ వచ్చాడు. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. లోపలికొచ్చి చెక్కని రాయి మీద కూర్చున్నాడు. ఊపిరి అందాక చెప్పడం మొదలుపెట్టాడు.

"కొట్టాడమ్మా. పైన షెడ్డులోంచి నేను చూశాను. రెండు చేతులా తాడు పట్టుకుని కొట్టాడు. కంకర కొట్టే క్రషర్ మిషను ఆపమని నా వైపు చెయ్యి ఊపాడు. గంట కొట్టే ముందు క్రషర్ ఆపడం నా పని. ఆ రోజు లారీలు వరసగా నిలబడి ఉన్నాయి, ఇంకో బండి నిండనీ అనుకున్నాను. ఆ రొదలో గంట ఎవరికి వినపడుతుంది? కింద ఇద్దరూ కదలకపోయేసరికి తాడు వదిలేసి వాళ్లని పిలవడానికి గుంతలోకి పరిగెత్తాడు. వత్తి అప్పటికే అంటుకుంది."

ఉలక్క చేతిలో ఉలి కింద పెట్టింది. "పేకాడుతున్నాడన్నావు." మీరు కాస్తా నువ్వు అయింది.

"శవాన్ని లేపుతుంటే జేబులోంచి పేకముక్కలు పడ్డాయి. అప్పుడు తట్టింది ఆ అబద్ధం."

ఆమె చెయ్యి సుత్తి మీద పడింది. అతను చూశాడు, కదల్లేదు.

"కొట్టాలంటే కొట్టు. కానీ ఒకటి చెప్పి పోతాను. విచారణ అయ్యాక నాకు నిద్ర ఉండేది కాదు. నువ్వు చెక్కుతావు, నిలుస్తుంది, నా బతుకు బజారున పడుతుంది అని రోజూ శ్మశానానికెళ్లి ఆ రాయి చూసేవాణ్ని. ఏడాది గడిచింది. నువ్వు చెక్కలేదు. సొంత అక్కే చెక్కడం లేదంటే అనుమానం ఉండబట్టే కదా అంది ఊరు. నేనూ అదే అనుకుని నిద్రపోయాను. నన్ను కాపాడింది నీ ఖాళీ రాయేనమ్మా."

ఉలక్కకి ఒళ్లంతా కారం పూసినట్టయింది. లేచి నిలబడి గుమ్మం వైపు చెయ్యి చాపింది.

"నాకు చెప్పి చేతులు దులుపుకుందామనుకున్నావా? విచారణ ఎక్కడ జరిగింది? క్వారీ గేటు దగ్గర, అందరి ముందూ. అంత దూరం వచ్చావు, అంత దూరం వెనక్కి నడువు. పన్నెండింటికి షిఫ్టు మారుతుంది. క్రషర్ ఆపించు. గంట నువ్వే కొట్టు. కొట్టి, ఇప్పుడు నాకు చెప్పింది అక్కడ చెప్పు. మూడోసారి చెక్కేది అప్పుడే."

మర్నాడు పన్నెండింటికి ఫోర్‌మన్ గేటు దగ్గరున్నాడు. క్రషర్ ఆపేశారు. దుమ్ము మెల్లగా కిందికి దిగుతోంది. తాడు లాగలేక రెండుసార్లు జారి, మూడోసారి గంట కొట్టాడు. దిగే షిఫ్టూ ఎక్కే షిఫ్టూ కలిసి రెండొందల మంది. అందరి ముందూ చెప్పాడు, ఒక్క ముక్క మింగకుండా. వింటున్న అతని కూతురు కొంగు నోట్లో కుక్కుకుని, తండ్రిని అక్కడే వదిలేసి ఇంటికి నడిచింది. గుమ్మం ముందు రోజూ ఉమ్మేసే ముసలామె చెప్పు తీసి చేత్తో పట్టుకుంది. కాసేపు అలాగే నిలబడి, మళ్లీ కాలికే వేసుకుని, ఉలక్క మరదలి భుజం మీద చెయ్యి వేసింది. మరదలు భోరుమంది.

ఉలక్క మాత్రం కళ్లార్పకుండా ఫోర్‌మన్‌నే చూసింది. గడియారం గొలుసు పదేపదే మెలిపెడుతున్న ఆ చెయ్యిని చూసింది. తియ్యగా ఉంది. అబద్ధమెందుకు, చాలా తియ్యగా ఉంది. ఇంటికొచ్చి ఆ సాయంత్రమే మూడోసారి ఆ ఎనిమిది అక్షరాలూ చెక్కింది. చెక్కుతూ, ఇంకా రాలాలనే కోరుకుంది.

పొద్దున చీపురుతో వెళ్లేసరికి రాయి కింద ఒక్క అక్షరం లేదు. అన్నీ పైనే ఉన్నాయి. ఎండ పడి మెరుస్తున్నాయి కూడా. ఉలక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. పటకారు తెచ్చి మొదటి అక్షరం పట్టి లాగింది. ఊహూఁ. గోడకి కాలు తన్నిపెట్టి లాగింది. పటకారు విరిగింది.

"తొమ్మిదేళ్లు నా తమ్ముణ్ని దోషిని చేసినవాడికి ఒక్క పూటలో నిలిచిందే! ఏం రాయివే నువ్వు?"

మరదలు విరిగిన ముక్క ఏరి పక్కన పెట్టింది. "ఆ రాయితో మనకేంటి వదినా. పద, మన రాయి దగ్గరికి. ఇప్పుడింక పగలదుగా."

శ్మశానంలో ఉలక్క మోకాళ్ల మీద కూర్చుని "గంట కొట్టాడు" అని చెక్కింది. రెండు మాటలకి గంటన్నర పట్టింది. ఊరంతా విన్నాక ఇప్పుడు ఎవరైనా చెక్కొచ్చు, చిన్నపిల్లలైనా చెక్కొచ్చు. ఆ ఆలోచన ముల్లులా గుచ్చుతోంటే, దాన్ని తోసేద్దామని, కింద ఇంకో వరస మొదలుపెట్టింది. "పెళ్లాం నమ్మింది. అక్క నమ్మింది." సీసం కొట్టి, అరగదీసి, సంచీ సర్దుకుని ఇంటికొచ్చేసింది.

తెల్లారి ఇద్దరూ వెళ్లారు. రాయి దగ్గరికి ముందు మరదలే చేరింది. చేరి, తిరిగి చూడకుండా అలాగే నిలబడిపోయింది.

గంట కొట్టాడు. నిలిచింది. పెళ్లాం నమ్మింది. నిలిచింది. అక్క. అది కూడా నిలిచింది. అక్క కాకుండా పోతుందా మరి. దాని పక్కన రాయి నున్నగా ఉంది. రాలిన మాట గడ్డిలో పడి ఉంది, ముక్కలు ముక్కలుగా.

ఉలక్క కూర్చుని ఒక్కో అక్షరం ఏరింది. ఇన్నేళ్లుగా ఊరి అబద్ధాలన్నీ ఊడ్చిన చెయ్యి అది. ఈ నాలుగు ముక్కలు ఏరడానికి ఎంతసేపు పట్టిందో!

"జేబులో పేక పెట్టుకోవడం చూశాను" అంది తల ఎత్తకుండా. "ఆ పొద్దున. ఎవరికీ చెప్పలేదు. ఆడే ఉంటాడనుకున్నాను. రోజూ అనుకున్నాను. ఫోర్‌మన్‌ని తిట్టుకుంటూనే అనుకున్నాను."

మరదలు ఆమె పక్కనే గడ్డిలో కూర్చుంది. తర్వాత అంది, "పేక సంగతి నాకూ తెలుసు వదినా. ఆ చొక్కా రోజూ ఉతికేది నేనే. ఆడేవాడు, పని అయ్యాక. గంట వేళకి మాత్రం అన్నం ముందునించైనా లేచిపోయేవాడు. నువ్వు నన్ను ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేదాన్ని."

తొమ్మిదిసార్లు ఎదురుగా నిలబడి అడిగింది మరదలు. ఒక్కసారి కూడా ఉలక్క తిరిగి అడగలేదు. గడ్డిలో కూలబడి ఏడ్చింది. ముక్కు చీదుకుని ఇంకాసేపు ఏడ్చింది. ఆ ఏడుపు మధ్యలోనే, చెప్పుల షాపు మీద గదిలో కళ్లజోడు తుడుచుకుంటూ మాస్టారు చెప్పింది గుర్తొచ్చింది. గురువుని పట్టిచ్చినవాడు కూడా ఇలాగే ఏడ్చి ఉంటాడు.

కళ్లు తుడుచుకుంది. "టైమెంతయింది?"

"పదకొండు దాటి ఉంటుంది. ఎక్కడికి?"

"నడవాలి. నువ్వూ రా. నువ్వు వినాలి."

శ్మశానం నుంచి క్వారీ గేటుకి మైలుంపావు. ఎండ మాడు పగలగొడుతోంది. దారిలో ఫోర్‌మన్ ఇల్లు వచ్చింది. అతను ఒక్కడే వరండాలో కూర్చుని ఉన్నాడు. ఆమె చేతిలో పనిముట్ల సంచీ లేకపోవడం చూశాడు, ఆమె పోతున్న దారి చూశాడు, కర్ర వెతుక్కుని లేచి నిలబడ్డాడు. ఉలక్క అతనికేసి చూసింది. క్షమించానని అనలేదు. అంటే అదీ రాలేది. తల తిప్పుకుని నడిచింది.

గేటు దగ్గర దిగే షిఫ్టు బయటికొస్తోంది, ఎక్కే షిఫ్టు లోపలికి పోతోంది. గేటుమనిషి ఆమెని చూసి, "ఇంకా ఏముంది ఉలక్కా? నీ తమ్ముడిది నిజమని తేలిపోయిందిగా" అన్నాడు.

"తమ్ముడిది తేలింది. నాది ఉంది. కాస్త జరుగు బాబూ."

తాడు తమ్ముడి చేతులు పట్టీ పట్టీ నున్నగా అరిగిపోయి ఉంది. రెండు చేతులా పట్టుకుని ఉలక్క గంట కొట్టింది. క్రషర్ ఆగింది. రెండొందల మొహాలు ఇటు తిరిగాయి.